పూఁటకూళ్ళ యిల్లు – బాటసారి విశ్వాసము

మన దేశమున నన్నదానమును గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు. అన్నవిక్రయమును గూర్చి వ్రాసినవారు మిక్కిలి యరుదు. వండిన యన్నము నమ్ముట బ్రాహ్మణునకుఁ దగదని మనుస్మృతి నిషేధించుటయే యిందులకుఁ గారణము కాఁబోలు. అయినను బాటసారి యాఁకలి శాస్త్రచర్చ ముగియువఱకు నాగదు. వెల గొని యన్నము పెట్టు పూఁటకూళ్ళ యిండ్లు తెలుఁగునాట శతాబ్దములుగా నుండినవి. వానిని నడపినవారిలో మన బ్రాహ్మణ కుటుంబములవారు పలువు రుండుటచే, నీ మహాసభా సంచికయందు వాని చరిత్రమును స్మరించుట యుచితమని తలంచితిని.

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము కాకతీయుల రాజధానియగు ఓరుగల్లును వర్ణించు వీథీరూపకము. అందు మంచనశర్మయుఁ దిట్టిభసెట్టియు నగరము చూచుచుఁ దిరుగుదురు. లక్ష్మణవజ్ఝల యింట నొక్క రూకకు సన్నబియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తనేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు లభించునని యందుఁ గలదు. ఇచట గమనింపఁదగిన యంశములు రెండు. ఇంటివాని పేరు పదిమందికిఁ దెలిసియుండెను. వెలయుఁ బదార్థములును దినకమునుపే తెలిసియుండెను. ఏమి పెట్టుదురో, యెంత పుచ్చుకొందురో యెఱిఁగిన యింటికిఁ బరదేశి నిర్భయముగాఁ బోవును. ప్రకటనపత్రికలు లేని యా కాలమున భోక్త నాలుకయే ప్రకటన.

నగరములు దాఁటిన పిమ్మట నిట్టి సౌకర్యము దుర్లభము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టు దుబాసీయైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకిఁ దిరిగివచ్చిరి. మజిలీ మజిలీయందును బసకుఁ జోటు గలదా, నీరు మంచిదా, వంటసామగ్రి దొరకునా యని వారు వ్రాసికొనుచు వచ్చిరి. పరివారముతోఁ బోయిన వారికే యీ చింత తప్పలేదనిన, నొంటరిగా నడచు బీదవాని సంగతి వేఱుగఁ జెప్పనేల? అట్టి త్రోవలో వేళకు వేఁడియన్నము పెట్టిన యింటిని వాఁడు మఱవఁడు. తిరుగుప్రయాణమున నా గుమ్మమే త్రొక్కును.

ఈ వృత్తిని నిలిపినవారిలో జీవనాధారము లేని వితంతువులు ముఖ్యులు. గురజాడవారి కన్యాశుల్కము (1897) నందలి పూఁటకూళ్ళమ్మను జూచి మనము నవ్వుదుము గాని, యామె యొకరి గడప నాశ్రయింపక తన చేతికష్టముతో బ్రదికిన స్త్రీ యని తలఁపము. వ్యాజ్యములకు వచ్చువారు వాయిదా వాయిదాకును, విద్యార్థులు నెలల తరబడియు నిట్టి యిండ్ల భుజించిరి. ఎవరి కేకాదశి యుపవాసమో, యెవరికి మజ్జిగ యెక్కువ కావలయునో జ్ఞాపకముంచుకొని వడ్డించుటయే యామె పెట్టుబడి.

ఇంతవఱకుఁ బ్రశంస. ఇఁక నొక లోపమును జెప్పక తప్పదు. రైళ్ళు వచ్చిన పిమ్మట కాఫీహోటళ్ళు వెలసినవి. వానిలోను, దక్షిణదేశపు రైలుస్టేషనుల ఫలహారశాలలలోను బ్రాహ్మణులకుఁ బ్రత్యేకపు గదు లుండెడివి. ఆఁకలి యొక్కటియే, పంక్తులు మాత్రము వేఱు! పైకమిచ్చియు నవమానమును భుజించి పోయినవాఁ డా యింటి నెట్లు ప్రేమించును? అదే కాలమునఁ గోనసీమలోని లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ యనక, కుల మడుగక, వెల గొనక వచ్చినవారి కెల్ల నన్నము పెట్టిరి. ఆంధ్రప్రదేశమున బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు 2024లో నామె పేరే పెట్టఁబడినది. గదులు వేఱుచేసిన హోటళ్ళ నెవరు స్మరించుచున్నారు?

1950 జనవరి 26వ తేదీనుండి యమలులోనున్న రాజ్యాంగపు 15వ యధికరణము కులమును బట్టి భోజనశాలలలోఁ బ్రవేశము నిరాకరింపరాదని శాసించినది. చట్టము తలుపు తెఱపింపఁగలదు, ఆదరముతో వడ్డింపఁజేయఁజాలదు. అది మన పని.

కావున సభ్యులకును, బోషకులకును నాదొక విన్నపము. మనవారు నడపు సత్రములయందును, బాటప్రక్క హోటళ్ళయందును వెల ముందుగాఁ దెలుపుఁడు. ప్రొద్దుపోయి వచ్చినవానికిఁ గొంచెమైనను వండిపెట్టుఁడు. విస్తరి వేయుటకు ముందు గోత్రకులముల నడుగకుఁడు. అతిథిని దైవముగా నెంచుమన్న తైత్తిరీయోపనిషత్తు ఆ యతిథి యే కులమువాఁడో చెప్పలేదు.

శుభమస్తు.