సమూహములకు పేర్లు

ఆవులు గుంపు కూడినచో మంద అందుము. మిడతలైనచో దండు, చీమలైనచో బారు. అరటికాయలు చెట్టున గెలగా నుండును. గెలను విడదీసినచో అత్తములగును. ఈ మాటలు పొలములందును పెరళ్ళయందును పుట్టినవి. మన పాఠశాలలలో విద్యార్థులు వల్లించు ఆంగ్ల సమూహనామములలో కొన్నింటి పుట్టుక వేరు. వాని పుట్టినిల్లు ప్రభువుల వేట.

మధ్యయుగపు ఇంగ్లండులో వేట కులీనుల విద్య. ఏ మృగముల గుంపును ఏ పేరుతో చెప్పవలెనో ఎరిగియుండుట పెద్దింటి మర్యాదలలో ఒకటి. 15వ శతాబ్దపు వ్రాతప్రతులలో ఇట్టి పట్టికలు కలవు. 1486లో అచ్చయిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అను గ్రంథము 160కి పైగా పేర్లను ఒకచోట చేర్చెను. అందు సింహముల గుంపు 'ప్రైడ్', అనగా గర్వము. న్యాయాధిపతుల గుంపు 'సెంటెన్స్', అనగా తీర్పు. దూతల గుంపు 'డిలిజెన్స్', అనగా శ్రద్ధ. న్యాయాధిపతులను ఎవరును వేటాడరు గదా! ఇవి వేటకాని మాటలు కావు, చమత్కారములు. పట్టికలోని పెక్కు పదములు అసలు సమూహనామములే కావనియు, ఆయా ప్రాణుల స్వభావమును తెలుపు మాటలనియు 1909లో జాన్ హాడ్జ్‌కిన్ వాదించెను.

అట్లని అన్నియు వినోదముతో ముగియలేదు. 'ప్రైడ్' అను మాట నేడు జంతుశాస్త్ర పరిభాషలో నిలిచినది. పిల్లిజాతి మృగములలో పెక్కు ఒంటరిగా తిరుగును. సింహములు మాత్రము కుటుంబముగా జీవించును. రక్తసంబంధముగల ఆడుసింహములు, వాని పిల్లలు, కొలది మగసింహములు కలిసి ఒక ప్రైడ్. 1966 మొదలు సెరెంగెటి మైదానములలో జార్జి షాలర్ జరిపిన పరిశీలనలు ఈ జీవితమును వివరముగా వెల్లడించినవి. గర్వమును సూచించిన పేరు ఒక నిజమైన కుటుంబవ్యవస్థకు పేరైనది.

ఇక మన మిడతల దండును చూతము. దండనగా సేన. ఒంటరిగా తిరుగు మిడతయు, దండుగా కదలు మిడతయు రంగునందును నడవడియందును భిన్నముగా నుండుటచే, అవి వేర్వేరు జాతులని శాస్త్రజ్ఞులు తలచిరి. అవి ఒకే జాతికి చెందిన రెండు దశలని 1921లో బోరిస్ ఉవరోవ్ ప్రతిపాదించెను. మిడతలు కిక్కిరిసి, ఒకదాని నొకటి తాకుచుండగా, వాని నాడీమండలమున సెరటోనిన్ అను పదార్థము పెరిగి, ఒంటరి మిడత గుంపు మిడతగా మారునని 2009లో వెల్లడైనది. కావున వేయి మిడతలు చేరిన మాత్రమున దండు కాదు; చేరుటచే మిడతయే మారును.

పట్టికను కంఠస్థము చేయించు ఉపాధ్యాయుడు ప్రతి పేరును గూర్చి ఒక ప్రశ్న వేయవచ్చును: ఇది చమత్కారమా, పరిశీలనయా? చీమల గుంపు 'బారు' ఎందుకైనది? చీమ విడిచిన వాసనజాడ వెంట తక్కిన చీమలు నడచుటచేతనే గదా! ఈ సమాధానమును విద్యార్థి పుస్తకము తెరువకయే పెరటిలో చూడగలడు.