చెవుడు ఎక్కడ ఉంటుంది? – మెదడు కాండం, వినికిడి: చారిత్రక పరిశీలన

కీలకపదాలు: మెదడు కాండం, శ్రవణ మార్గం, బేరా పరీక్ష, సదరం, వైకల్య చట్టం.

ఉపోద్ఘాతం

వినికిడి లోపానికి తెలుగు వాడుకలో ఉన్న పేర్లు చెవిని ఆశ్రయించి పుట్టినవి: చెవుడు, చెవిటి. సంస్కృతం నుంచి వచ్చిన ‘బధిర’ శబ్దం మాత్రమే అవయవాన్ని పేర్కొనదు. ‘చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు’ అనే సామెతలోనూ దోషం చెవిదే. అయితే చెవి చక్కగా పనిచేస్తూ, శంఖధ్వని వినిపిస్తూనే, ఎదుటివారి మాట మాత్రం అర్థంకాని స్థితి కూడా ఉంది. ఆ లోపానికి ఒక స్థానం మెదడు కాండం. జీవించి ఉన్న మనిషిలో దీనిని కొలిచి చూపడానికి వైద్యశాస్త్రానికి ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధం దాకా పట్టింది. చట్టం ఇంకా అక్కడికి చేరలేదు.

శబ్దం నడిచే దారి

లోపలి చెవిలోని కాక్లియా నుంచి బయలుదేరిన శ్రవణ నాడి, పాన్స్, మెడుల్లా కలిసేచోట మెదడు కాండంలో ప్రవేశించి కాక్లియర్ కేంద్రకాలను చేరుతుంది. అక్కడి నుంచి అధిక తంతువులు అవతలి పక్కకు దాటుతాయి. అందువల్ల ఆ పైనున్న ఆలివరీ కేంద్రకాలకు రెండు చెవుల సమాచారమూ అందుతుంది. శబ్దం ఒక చెవికి ముందు, మరొక చెవికి తర్వాత చేరే అతిస్వల్ప కాలభేదాన్ని బట్టి దిక్కును గుర్తించేది ఈ దశలోనే. ఆ పోలిక ఎలా జరుగుతుందో 1948లో లాయిడ్ జెఫ్రెస్ ఒక నమూనాగా ప్రతిపాదించాడు.

ఈ అల్లిక వల్లనే గాయం తగిలిన చోటును బట్టి ఫలితం మారుతుంది. కాక్లియర్ కేంద్రకం దెబ్బతింటే ఆ పక్క చెవి వినబడదు. అంతకు పైన ఒక పక్కనే దెబ్బతగిలితే ఏ చెవీ పూర్తిగా మూగపోదు. కానీ పిలుపు ఎటునుంచి వచ్చిందో తెలియదు. సంతలోనో, పెళ్లి పందిట్లోనో నలుగురి మధ్య ఒకరి మాటను విడదీసి గ్రహించడం కష్టమవుతుంది. ఇంటివారు దీనిని పరధ్యానంగానో, వయసు ప్రభావంగానో భావించడం సహజం. హఠాత్తుగా కళ్లు తిరుగుతూ ఒక చెవి వినబడకపోవడం కూడా ఎల్లప్పుడూ చెవి రోగం కాదు. మెదడు కాండానికి, లోపలి చెవికి రక్తమిచ్చే ధమని మూసుకుపోయినా అలాగే జరుగుతుంది. అది పక్షవాతం, గంటల్లో చికిత్స అందవలసిన స్థితి.

తరంగాల చరిత్ర

1970లో డాన్ జూవెట్ బృందం మనిషి తలపై అతికించిన ఎలక్ట్రోడ్ల ద్వారా, శబ్దం వినిపించిన పది మిల్లీసెకన్ల లోపే మెదడు కాండంలో పుట్టే సూక్ష్మ విద్యుత్ తరంగాలను నమోదు చేసింది. మొదటి తరంగం శ్రవణ నాడిది, ఐదవది మెదడు కాండం పైభాగానిది. వాటి మధ్య వ్యవధి సుమారు నాలుగు మిల్లీసెకన్లు. అది పెరిగితే దారిలో ఎక్కడో అడ్డు ఉందని అర్థం. 1975లో ఆర్నాల్డ్ స్టార్, జోసెఫ్ ఏకర్ నాడీ రోగులలో దీనిని పరిశీలించారు. మన ఆసుపత్రులలో ‘బేరా’గా వ్యవహరించే పరీక్ష ఈ తరంగాలనే చదువుతుంది.

1978లో డేవిడ్ కెంప్ కనుగొన్న మరో పరీక్ష, కాక్లియా తానే పుట్టించే మంద్రధ్వనిని కొలుస్తుంది. తీవ్రమైన పసిపిల్లల కామెర్లలో బిలిరుబిన్ మెదడు కాండపు శ్రవణ కేంద్రకాలను దెబ్బతీస్తే, ఈ రెండవ పరీక్ష ‘బాగుంది’ అని చెప్పవచ్చు. బేరాలో తరంగమే కనబడదు. ఒకే పరీక్షతో శిశువును ఇంటికి పంపడంలోని ప్రమాదం ఇదే.

చికిత్సకూ ఈ స్థానభేదమే హద్దు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ద్వారా ఆంధ్రప్రదేశ్‌లో బాలలకు కాక్లియర్ ఇంప్లాంట్ అందుబాటులోకి వచ్చింది. ఆ పరికరం పనిచేయాలంటే నాడి, ఆపై మార్గం బాగుండాలి. నాడి పోయినవారికి 1979లో లాస్ ఏంజెలిస్‌లో విలియం హౌస్, విలియం హిట్సెల్‌బర్గర్ కాక్లియర్ కేంద్రకం మీదనే ఎలక్ట్రోడ్‌ను అమర్చారు. అంతకు పైన దెబ్బతిన్నవారికి ఆ సాధనమూ చాలదు.

చట్టం కొలిచేది

1995 నాటి వైకల్య చట్టం వినికిడి లోపాన్ని మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్, అంతకు మించిన నష్టంగా నిర్వచించింది. 2016 చట్టం రెండు చెవులలోనూ 70 డెసిబెల్స్ నష్టాన్ని చెవుడుగా, 60 నుంచి 70 వరకు వినికిడి తగ్గుదలగా విభజించింది. రెండింటిలోనూ ప్రమాణం శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినబడుతుందన్నదే. విన్నది మాటగా గ్రహింపునకు వచ్చిందా అన్నది నిర్వచనంలో లేదు.

కె.కోటపాడు మండలం 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలో చేరింది. సదరం ధ్రువపత్రం మీద జిల్లా పేరు మారింది, లోపలి కొలత పాతదే. మెదడు కాండం దెబ్బతిన్న రైతు శిబిరంలో ఈలవంటి పరీక్షాధ్వనులన్నింటికీ చేయి ఎత్తవచ్చు. బయట వరండాలో పేరు పెట్టి పిలిస్తే ఎటు తిరగాలో అతనికి తెలియకపోవచ్చు. వినికిడి విభాగంలో మాత్రం అతని వైకల్యం సున్నాగా నమోదై, ప్రయోజనాలకు చట్టం కోరే 40 శాతానికి దూరంగా ఉండిపోతుంది.