నిన్నటిదాకా ఇక్కడే ఉండేదండీ!

"నిన్నటిదాకా ఇక్కడే ఉండేదండీ ఆ బటను!"

ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే వృత్తిలో ఉన్న ఎవరినైనా అడగండి, ఈ మాట ఎన్నిసార్లు విన్నారో. అనేవాళ్ళు అమాయకులేం కాదు. ఇరవయ్యేళ్ళుగా లెక్కలు రాస్తున్న అకౌంటెంట్లు, కోర్టు కాగితాలు తయారుచేసే గుమాస్తాలు, స్కూల్లో మార్కుల పట్టీలు వేసే టీచర్లు. శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ కట్టేసి ఇంటికెళ్తారు. సోమవారం పొద్దున వచ్చేసరికి, ఎవరో మన వంటింట్లో దూరి డబ్బాలన్నీ అటువి ఇటు, ఇటువి అటు సర్దేసి పోయినట్టుంటుంది. ఉప్పూ ఉంది, పప్పూ ఉంది, ఎక్కడున్నాయో మాత్రం తెలీదు.

మన సాఫ్ట్‌వేర్ జనాభా దీనికి "మార్పంటే భయం" అని ఓ పేరు పెట్టేసి చేతులు దులుపుకుంటుంది. కానీ ఈ గోడు చరిత్ర కాస్త తిరగేస్తే నాకు వేరే సంగతి కనిపిస్తోంది. వాడేవాళ్ళకి "వద్దు" అనే వీలు ఉన్నన్నాళ్ళూ, వాళ్ళు అన్న "వద్దు" చాలాసార్లు సబబుగానే ఉంది. కంపెనీలు కూడా విని దారికొచ్చాయి. ఈ నలభై ఏళ్ళలో మెల్లమెల్లగా మాయమైపోయింది ఆ వీలే.

మొదట్నించీ వద్దాం. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో మన ఊళ్ళలో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్ళకి "వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్" అనే త్రిమూర్తులు గుర్తుండే ఉంటారు. అందులో వర్డ్‌స్టార్‌ని మైక్రోప్రో అనే కాలిఫోర్నియా కంపెనీ కోసం రాబ్ బార్నబీ అనే ఆయన 1978లో రాశాడు. బాణం గుర్తుల మీటలు లేని కీబోర్డులు ఎన్నో ఉండేవి అప్పట్లో. అందుకని కంట్రోల్ మీట నొక్కిపట్టి ఈ, ఎస్, డి, ఎక్స్ నొక్కితే కర్సర్ పైకీ, ఎడమకీ, కుడికీ, కిందకీ వెళ్ళేలా ఏర్పాటు చేశారు. నేర్చుకోవటానికి వారం పట్టేది. ఒకసారి వస్తే మాత్రం వేళ్ళు వాటంతటవే పరిగెత్తేవి, చూపు తెర మీదనుంచి కదిలేది కాదు.

ఎనభైల మధ్యలో అదే కంపెనీ "వర్డ్‌స్టార్ 2000" అని కొత్తది తెచ్చింది. మీటలు వేరు, ఫైళ్ళ పద్ధతి వేరు, పైగా మెల్లగా నడిచేది. పాతవాళ్ళు ముట్టుకోలేదు. ఈలోగా మైక్రోప్రో నుంచి బయటకొచ్చిన కొందరు పాత వర్డ్‌స్టార్ లాగే పనిచేసే "న్యూవర్డ్" అనే ప్రోగ్రాము తయారుచేస్తే, జనం అటు తిరిగారు. చివరికి మైక్రోప్రో ఏం చేసిందో తెలుసా? ఆ చిన్న కంపెనీని కొనేసి, న్యూవర్డ్‌నే కాస్త మార్చి 1987లో "వర్డ్‌స్టార్ 4" అని అమ్మింది! అంటే వాడేవాళ్ళు వద్దన్నారు, కంపెనీ వెనక్కొచ్చింది. నవలలు రాసే జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఆ వర్డ్‌స్టార్ 4నే, ఇంటర్నెట్ తగలని ఒక డాస్ కంప్యూటర్ మీద వాడతానని 2014లో టీవీలో చెప్తే అందరూ నవ్వారు. నాకైతే అందులో నవ్వాల్సిందేమీ కనబడలేదు. ఆయన పెట్టెలో డిస్కు ఉంది, అది ఎవరూ మార్చలేరు. అంతే.

ఆ రోజుల్లో అప్‌గ్రేడ్ అంటే దుకాణానికెళ్ళి డబ్బిచ్చి కొనుక్కునే వస్తువు. నచ్చకపోతే కొనం. మరి కొనకుండా కూర్చున్నవాణ్ణి కొనేలా చెయ్యాలంటే? ఫైలు పద్ధతి మారిస్తే చాలు.

వర్డ్ 97 వచ్చినప్పుడు జరిగింది ఇదే. దాంట్లో రాసిన ఫైలు అంతకుముందు వచ్చిన వర్డ్ 95లో తెరుచుకునేది కాదు. రెండింటికీ పేరు చివర ".డాక్" అనే తోకే. ఆఫీసులో కొత్త కంప్యూటర్ వచ్చిన ఒక్క మేనేజరు చాలు, ఆయన పంపే ప్రతి ఉత్తరమూ మిగతా అందరికీ పిచ్చి గీతలుగా కనబడేది. పోనీ, "పాత పద్ధతిలో భద్రపరచు" అనే సదుపాయం పెట్టారు కదా అంటే, అది నిజానికి ఆర్‌టీఎఫ్ అనే ఇంకో పద్ధతిలో రాసి పైన డాక్ అని చీటీ అంటించేది. జనం గట్టిగా గోల చేశాక ఆ ఏడాదే అసలైన మార్పిడి ప్రోగ్రాము విడుదల చేశారు. అప్పుడూ వాడేవాళ్ళ మాటే నెగ్గింది, కానీ ఈలోపు ఎంతోమంది కొత్త వెర్షన్ కొనేశారు. పక్కవాడు మారితే నేనూ మారక తప్పదన్న పాఠం అందరికీ ఒంటబట్టింది, కంపెనీలతో సహా.

అన్నట్టు, అదే ఆఫీస్ 97తో పాటు దిగిన మహానుభావుడే ఆ కళ్ళున్న పేపర్ క్లిప్పు. "ఉత్తరం రాస్తున్నట్టున్నారే" అని మధ్యలో దూరేవాడు. జనం ఎంత విసుక్కున్నారంటే, 2001లో ఆఫీస్ ఎక్స్‌పీ అమ్మేటప్పుడు, ఇందులో వాడి ఉద్యోగం ఊడిందని మైక్రోసాఫ్టే ప్రకటనలు చేసుకుంది. జబ్బూ వాళ్ళదే, మందూ వాళ్ళదే.

మందు అంటే గుర్తొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెతకి సరిగ్గా సరిపోయే కథ 2007 సెప్టెంబరులో జరిగింది. ఆఫీస్ 2003కి మూడో సర్వీస్ ప్యాక్ వేసుకున్నవాళ్ళకి, వర్డ్ 6, అంతకుముందు వాటిలో రాసుకున్న పాత ఫైళ్ళు కొన్ని తెరుచుకోవటం మానేశాయి. అవి ప్రమాదకరమైన పద్ధతులు, భద్రత కోసం ఆపేశాం అన్నారు. తీరా 2008 జనవరిలో గొడవ పెద్దదయ్యాక, తప్పు ఆ పద్ధతుల్లో లేదు, వాటిని చదివే మా కోడులోనే ఉందని ఒప్పుకుని, మళ్ళీ తెరుచుకునే మార్గం చూపించారు. పదేళ్ళ కిందట రాసుకున్న వీలునామానో, థీసిస్సో ఎవరి ఆస్తి? అది తెరుచుకోవాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయించాలి? అసలు ప్రశ్న అక్కడుంది.

ఇహ 2007 జనవరిలో జనానికి అందిన ఆఫీస్ 2007, దాని రిబ్బన్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మెనూలన్నీ తీసేసి పైన ఒక వెడల్పాటి పట్టీ పెట్టారు. న్యాయంగా చెప్పాలంటే దాని వెనక ఆలోచన ఉంది. వర్డ్ మొదటి వెర్షన్‌లో సుమారు 100 కమాండ్లు ఉంటే, 2003 నాటికి 1500 దాటాయి. కాలు పెట్టే సందు లేని స్టోరు రూములా తయారైంది. ఎవరు దేన్ని ఎన్నిసార్లు వాడుతున్నారో ఒప్పుకున్నవాళ్ళ దగ్గర లెక్కలు తీశారు. పేస్టు, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ - ఈ అయిదే మొత్తం వాడకంలో దాదాపు 32 శాతం అని తేలింది. ఆ లెక్కల మీదే కొత్త ఇల్లు కట్టారు.

కొత్తగా వచ్చినవాళ్ళకి అది సుఖంగానే ఉంది. పాతవాళ్ళకి మాత్రం వెనక్కెళ్ళే దారి పెట్టలేదు. పాత మెనూలు తిరిగి తెచ్చిపెట్టే చిన్నచిన్న ప్రోగ్రాములు బయటివాళ్ళు రాసి అమ్ముకున్నారంటే గిరాకీ ఎంతో ఊహించుకోండి. "ఫైల్" అనే మెనూ తీసేసి దాని చోట ఒక గుండ్రటి బొమ్మ పెడితే, అది నొక్కేదని తెలీక ప్రింటు ఎక్కడుందో వెతుక్కున్నవాళ్ళెందరో. 2010 వెర్షన్‌లో "ఫైల్" మళ్ళీ దాని పాత చోటికి వచ్చేసింది.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. వద్దనటానికీ ఖరీదు ఉంటుంది. మన తెలుగు డీటీపీ సెంటర్లే చూడండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరిది. అయినా చాలాచోట్ల ఆ పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఒక పాత విండోస్ ఎక్స్‌పీ పెట్టె - ఈ మూడింటి మీదే శుభలేఖలూ, కరపత్రాలూ, పుస్తకాలూ ఏళ్ళ తరబడి అచ్చయ్యాయి. కొత్తదానికి మారితే చేతికొచ్చిన కీబోర్డు పోతుంది, పాత ఫైళ్ళు పోతాయి. రోజు గడవాల్సిన మనిషి అలా ఆలోచించటంలో తప్పేముంది? కానీ ఆ ఫైళ్ళలో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు సంకేతాలు. వెతికితే దొరకవు, ఇంకో కంప్యూటర్లో చదవబడవు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది, కాకపోతే సీడీ పెట్టి, కంట్రోల్ ప్యానెల్లో ఎక్కడో ఒక గడిలో టిక్కు కొడితే తప్ప ఒత్తులు కుదురుగా కూర్చునేవి కావు. ఆ అప్‌డేట్లు లేకపోతే ఇవాళ సముద్రానికి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి అమ్మకి తెలుగులో నాలుగు ముక్కలు రాసేవాళ్ళం కాదు.

ఇంకా గట్టి ఉదాహరణ కావాలా? పాత ఎక్సెల్ ఫైలు పద్ధతిలో 65,536 వరసలే పడతాయి. 2007లో వచ్చిన కొత్త పద్ధతిలో పదిలక్షల పైచిలుకు. అయినా 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ పాత పద్ధతి ఫైళ్ళనే వాడటంతో, వరసలు నిండిపోయి 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. 2017 మేలో వనాక్రై వైరస్ వచ్చినప్పుడు దానికి విరుగుడు మార్చిలోనే విడుదలై ఉంది. వేసుకోని కంప్యూటర్లు లక్షల్లో దెబ్బతిన్నాయి. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని అందులో ఉన్నాయి.

కాబట్టి అప్‌డేట్లు అక్కర్లేదని నేననను. వైరస్‌కి విరుగుడు వేరు, వంటింట్లో డబ్బాలు మార్చటం వేరు. చిక్కల్లా ఈ రెంటినీ ఒకే పొట్లంలో కట్టి ఇవ్వటం దగ్గరే వచ్చింది.

2015లో విండోస్ 10 వచ్చినప్పుడు హోమ్ వెర్షన్ కొన్నవాళ్ళకి అప్‌డేట్లు వాయిదా వేసుకునే మార్గం లేదు. 2016లో అయితే, విండోస్ 10కి మారమని వచ్చే కిటికీని మూలనున్న ఇంటూ గుర్తుతో మూసేసినా, అప్పటికే పెట్టిన ముహూర్తం రద్దయ్యేది కాదు. తలుపు వేస్తే రమ్మన్నట్టు అర్థమన్నమాట! ఆ విషయంలో హద్దు దాటామని ఆ ఏడాది చివర్లో మైక్రోసాఫ్ట్ పెద్దాయన ఒకరు ఒప్పుకున్నారు. 2018 అక్టోబరు అప్‌డేట్ కొంతమంది ఫైళ్ళనే చెరిపేస్తే, దాన్ని ఆపి నవంబరులో మళ్ళీ విడుదల చేశారు. 2019లో గానీ హోమ్ వాళ్ళకి 35 రోజులదాకా వాయిదా వేసుకునే వీలు దక్కలేదు. పెద్ద కంపెనీలకి మాత్రం మొదటినుంచీ ఆ వీలుంది. ఏళ్ళ తరబడి కొత్త హంగులేవీ చేరని ప్రత్యేక వెర్షన్ కూడా వాళ్ళకి అమ్ముతారు. అంటే "వద్దు" అనేది కూడా ఒక సరుకే, ఎక్కువ డబ్బిచ్చినవాడికి దొరుకుతుంది.

ఆఫీస్ కూడా 2011 నుంచి మెల్లగా చందా పద్ధతిలోకి జారింది. ఒకసారి డబ్బిచ్చి కొనుక్కునే వెర్షన్ 2024లో కూడా వచ్చింది గానీ, దుకాణం ముందు వరసలో కనబడేది చందానే. 2024 చివర్లో ఆస్ట్రేలియాలో ఆ చందాలో కోపైలట్ అనే కృత్రిమ మేధని చేర్చి, ఒంటరి చందా ధర ఏడాదికి 109 డాలర్ల నుంచి 159కి పెంచారు. కోపైలట్ లేకుండా పాత ధరకే ఉండే చందా కూడా ఉంది, కాకపోతే రద్దు చేసుకోవటానికి బయల్దేరినవాళ్ళకే అది కనబడేదని అక్కడి వినియోగదారుల సంస్థ 2025 అక్టోబరులో దావా వేసింది. దాదాపు 27 లక్షల మందిని తప్పుదోవ పట్టించారన్నది అభియోగం. తర్వాతి నెలలో మైక్రోసాఫ్ట్ క్షమాపణ చెప్పి, డబ్బు వాపసిస్తామంది.

వర్డ్‌స్టార్ రోజులతో పోల్చండి. అప్పుడు ఊరుకుంటే చాలు, వద్దన్నట్టే. ఇప్పుడు ఊరుకుంటే సరేనన్నట్టు. వద్దనాలంటే నాలుగు తలుపులు తోసుకుని వెళ్ళాలి.

ఇదంతా చెప్పే నేను ఏ పక్షం అంటారా? మన బతుకుతెరువే అప్‌గ్రేడ్లు. వైటూకే ధర్మమా అని విమానమెక్కినవాళ్ళ దగ్గర్నుంచి, రాత్రికి రాత్రి వేల కంప్యూటర్లకి కొత్త వెర్షన్ ఎక్కించేవాళ్ళదాకా, మన ఇళ్ళలో పొయ్యి వెలిగేది మార్పు మీదే. అందుకే మన మాటకి కాస్త విలువ ఉండాలనుకుంటాను. మార్పుని నిర్ణయించేవాడు ఒకడు, దాని ఖరీదు కట్టేవాడు ఇంకొకడు. వెతుక్కోటానికి పోయే పది నిమిషాలు ఏ ప్రాజెక్టు ప్లానులోనూ ఉండవు, ఎవరి బిల్లులోనూ రావు. అవి ఆ గుమాస్తా జీతంలోంచి, లేదా ఆవిడ ఇంటికెళ్ళే టైములోంచి పోతాయి.

కాబట్టి ఈసారి అప్‌గ్రేడ్ మీటింగులో కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. భద్రతకి సంబంధించిన మరమ్మతులు విడిగా వేయగలమా? పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కన ఉంచగలమా? వద్దనేవాళ్ళకి ఆ బటను ఎక్కడుంది? మూడోదానికి గదిలో ఎవరూ జవాబు చెప్పలేకపోతే, సోమవారం పొద్దున ఫోన్లు ఎవరికొస్తాయో ఇప్పుడే రాసి పెట్టుకోండి.