5.3 ఉంకియా నుంచి అణా వరకు: భిన్న నాణేలు, తూనికలు, కొలతలు

నాణేల చరిత్రను రాజుల పేర్లతోనే చదవడం మనకు అలవాటు. ఒక సమాజం మొత్తాన్ని ఎన్ని భాగాలుగా పంచుకుందో తెలిపేవి మాత్రం చిల్లర నాణేలే.

5.3.1 రోమన్ విధానం

లాటిన్‌లో 'ఉంకియా' అంటే పన్నెండో వంతు. 'ఆస్' అనే కంచు నాణెంలో పన్నెండు ఉంకియాలు. 6 ఉంకియాలు సెమిస్, 4 త్రియెన్స్, 3 క్వాద్రాన్స్, 2 సెక్స్‌తాన్స్. పౌను బరువునూ, అడుగు పొడవునూ, వారసుల వాటాలనూ ఈ పేర్లతోనే లెక్కించేవారు. నేటి ఔన్సు, ఇంచి అనే రెండు మాటలూ ఉంకియా నుంచే పుట్టాయి. పన్నెండును సగం, మూడో వంతు, పావు భాగాలుగా శేషం లేకుండా పంచవచ్చు. ఈ విధానానికి ఉన్న సౌలభ్యం అదే.

5.3.2 మన విధానం

తెలుగువారి లెక్కకు ఆధారం పదహారు. వీసం అంటే పదహారో వంతు, కాణి అంటే అరవైనాలుగో వంతు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు కాబట్టి రూపాయికి 192 పైసలు. బేడ రెండణాలు, పావలా నాలుగణాలు. తూకంలోనూ సగాలు, పావులే ప్రధానం: పావుసేరు, అచ్చేరు, సేరు, 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు. ఆస్తి వాటాలనూ అణాల్లో చెప్పేవారు. ఎనిమిదణాల వాటా అంటే సగం.

5.3.3 జహీరాబాద్: ఒక ఉదాహరణ

నిజాం పాలనలో జహీరాబాద్ బీదర్ జిల్లాలోని తాలూకా. అక్కడ చెలామణిలో ఉన్నది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు బ్రిటిష్ ఇండియా (కల్దార్) రూపాయలకు సమానం. అంటే 100 కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. 1950 నుంచి భారత రూపాయి కూడా చెలామణిలోకి వచ్చింది. 1959 నాటికి హాలీ సిక్కా చెల్లకుండా పోయింది. ఈ మధ్యకాలంలోనే, 1956 నవంబరు 1న, జహీరాబాద్ తాలూకాలో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో కలిసింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాము దశలవారీగా సేరు స్థానాన్ని ఆక్రమించింది. పాలన, నాణెం, తూకం మూడూ కొద్ది ఏళ్లలోనే మారాయన్న మాట.

ఈ మార్పు భారం చిన్న కొనుగోళ్ల మీద పడింది. అణాకు సరైన విలువ ఆరుంపావు నయా పైసలు. కానీ పావు పైస నాణెం లేదు. అందువల్ల అధికారిక పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 పైసలుగా నిర్ణయించారు. మూడు అణాల సరుకును ఒకేసారి కొంటే 19 పైసలు. అణా చొప్పున మూడుసార్లు కొంటే 18 పైసలే. అమ్మేవాడు అణాకు ఏడు పైసలు అడిగితే, మూడుసార్లకు 21. తేడా చిన్నదే అయినా, ఏ రోజు కూలితో ఆ రోజు సరుకులు కొనుక్కునేవారికి అది ప్రతిరోజూ ఎదురయ్యే తేడా.

5.3.4 సారాంశం

దశాంశ పద్ధతి లెక్కను సులువు చేసింది. ప్రాంతానికొక తూకం ఉండే గందరగోళాన్ని తొలగించింది. అయితే పాత భిన్నాలు భాషలో నిలిచాయి. 'వీసమెత్తు', 'పదహారణాల తెలుగు' అన్న మాటలు ఆనాటి లెక్కకు మిగిలిన ఆధారాలు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. ఉంకియా, వీసం అనే భిన్నాలను పోల్చండి.
2. ఐదణాల సరైన విలువ ఎన్ని నయా పైసలు? దాన్ని పూర్ణాంకంగా సవరిస్తే ఎవరికి లాభం?