ఓడ అడుగుకు రాగి తొడుగు

ఉప్పునీటిలో కొన్ని మాసములు నిలిచియున్న పడవను గట్టుకు లాగి చూచినచో దాని అడుగు గుర్తుపట్టుటకు వీలులేకుండ ఉంటుంది. నీటిలో దింపిన కొన్ని గంటలలోనే సూక్ష్మజీవుల వలన ఒక జిగురు పొర ఏర్పడుతుంది. దానిపై నాచు, నాచు తరువాత బార్నకిల్ అనే గుల్లప్రాణులు వచ్చి చేరుతవి. ఇవి సున్నపు గుల్ల కట్టుకొని ఒకేచోట అంటుకొని ఉండుటచే చూచువారు నత్తజాతి అనుకొంటారు. నిజమునకు ఇవి పీతలకు, రొయ్యలకు దగ్గరి బంధువులు. డార్విన్ వీనిపై దాదాపు ఎనిమిది సంవత్సరములు వెచ్చించినాడు.

అడుగు గరుకెక్కిన కొద్దీ నీరు పడవను వెనుకకు పట్టి లాగుతుంది. యంత్రము గల ఓడకు ఇంధనపు ఖర్చు పెరుగుతుంది. గాలినే నమ్ముకొన్న తెరచాప ఓడ వేగము కోల్పోయి, చుక్కానికి లొంగుట కూడ మానుతుంది.

కొయ్య ఓడలకు ఇంతకంటె పెద్ద శత్రువు టెరెడో. దీనిని ఓడపురుగు అంటారు గాని, అది పురుగు కాదు, ఆల్చిప్ప జాతి ప్రాణి. తలవైపు ఉన్న రెండు చిన్న చిప్పలతో కొయ్యను తొలుచుకొంటూ పోతుంది. అది లోపలికి దూరిన రంధ్రము గుండుసూది తల అంత మాత్రమే. పైకి చెక్కుచెదరని పలక లోపల జల్లెడ అయిపోతుంది. 1731లో హాలండు సముద్రపు కట్టల కొయ్యగుంజలను తొలిచి ఆ దేశమును భయపెట్టినది ఈ ప్రాణియే.

దీనికి నావికులు చేయని చికిత్స లేదు. తారు, కొవ్వు, గంధకము కలిపి పూసినారు. పైన మరియొక వరుస పలకలు కొట్టినారు. 1670 తరువాత ఇంగ్లీషు నౌకాదళము కొన్ని ఓడలకు సీసపు రేకులు తొడిగినది, కాని చుక్కాని ఇనుప కీళ్ళు తినివేయబడుటచే ఆ పద్ధతిని మానుకోవలసి వచ్చినది.

1761లో అదే నౌకాదళము ‘అలార్మ్’ అనే 32 ఫిరంగుల ఓడకు అడుగంతయు రాగి రేకులు తొడిగి, ఓడపురుగు విశేషముగా ఉండు వెస్టిండీసు జలములకు పంపినది. 1763లో పరీక్షించి చూడగా రాగి ఉన్నచోట పురుగు లేదు, నాచు లేదు. అధికారులు ఆశించిన దానికంటె ఫలితము బాగున్నది. అయితే రాగికి తగులుచున్న ఇనుప చీలలు మాత్రము చివికి ముద్దయినవి. ఇందులో ఒక చిత్రము గమనింపబడినది. రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితము ఎక్కడ చిరగక ఇనుమునకు, రాగికి నడుమ మిగిలియున్నదో అక్కడ ఇనుము చెడలేదు.

దీని కారణము నేడు ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలుసు. ఇనుము, రాగి, వాని మధ్య ఉప్పునీరు కలిసినచో అది ఒక విద్యుద్ఘటమే. అందులో ఇనుము కరిగిపోతుంది. వోల్టా తన ఘటమును ప్రకటించినది 1800లో. అప్పటికి 37 సంవత్సరములు ముందే ఆ కాగితపు ముక్క పాఠము చెప్పినది గాని చదువగలవారు లేరు.

ఫ్రాన్సుతో యుద్ధము వచ్చిన తరువాత, 1779 మొదలు రెండు మూడేండ్లలో చార్లెస్ మిడిల్టన్ ప్రోద్బలముతో బ్రిటిషు యుద్ధనౌకలలో అధిక భాగమునకు రాగి తొడిగినారు. నడుమ కాగితము, తారు ఉంచినారు. కాని పలకలను కూర్చిన బోల్టులు ఇనుపవే. 1782 సెప్టెంబరులో అట్లాంటిక్ తుఫానులో జమైకా నుండి తిరిగివచ్చుచున్న పెద్ద ఓడలు కొన్ని మునిగి, వేలమంది చనిపోయినారు. తుఫాను ఘోరమైనదే, అయినను లోలోపల క్షీణించిన బోల్టుల మీద అనుమానము పోలేదు. 1783 నుండి ఇనుమునకు మారుగా రాగి మిశ్రమపు బోల్టులు వాడవలెనని నిర్ణయించినారు.

ఇనుము సమస్య తీరినది. రాగి మాత్రము ఊరకే ఉండలేదు, ఏటేట అరుగుచున్నది. ఈ నష్టమును ఆపు ఉపాయము చెప్పుమని నౌకాదళము హంఫ్రీ డేవీని అడిగినది. 1824 జనవరిలో ఆయన రాయల్ సొసైటీకి తన సమాధానము నివేదించినాడు. ఇనుమును రాగి పాడుచేయుట నిజమైతే, ఇనుము తాను కరుగుచు రాగిని కాపాడవలెను గదా! రాగి వైశాల్యములో 40వ వంతు మొదలు 150వ వంతు వరకు ఇనుముగాని, తుత్తునాగముగాని తగిలించినచో రాగి చెడదని ఆయన ప్రయోగములు చూపినవి. మన కొచ్చిన్‌లో టేకుతో కట్టబడిన ‘సమరంగ్’ అనే ఓడకు ఈ రక్షణ అమర్చి నోవా స్కోషియాకు పంపగా, 1825లో తిరిగివచ్చినప్పుడు దాని రాగి చక్కగా ఉన్నది.

తరువాత ఇతర ఓడల సమాచారము వచ్చినది. వాని రాగి కొత్తదివలె ఉన్నది. దాని పైన గుత్తులు గుత్తులుగా నాచు, బార్నకిల్‌లు! 1825లోనే సముద్రయానము చేయు ఓడల నుండి ఆ ఇనుప ముక్కలు తీసివేయుడని ఉత్తర్వు వెలువడినది. డేవీకి ఇది పెద్ద అవమానమైనది. కాని ఆయన విద్యుత్ సిద్ధాంతములో దోషము లేదు. నేడు ఓడల ఉక్కును కాపాడునది ఆ సిద్ధాంతమే. ఆయన గ్రహింపనిది మరియొకటి: రాగి శుభ్రముగా ఉన్నది కరుగుట చేతనే. కరిగిన రాగి అయానులు పిల్లప్రాణులకు విషము. కరుగుట ఆగితే విషమూ ఆగుతుంది. పైగా రక్షింపబడిన రాగిపై సున్నపు పొర పేరుకొని ప్రాణులకు పీట వేసినట్లయినది.

ఇనుప ఓడలు వచ్చిన తరువాత రాగి రేకులు పనికిరాలేదు. ‘అలార్మ్’ చీలల గతి ఓడకంతకు పట్టును. 1869లో కట్టిన ‘కట్టీ సార్క్’ వంటి కొన్ని ఓడలు ఇనుప చట్రము మీద కొయ్య పలకలు వేసి, వానిపై రాగి, తుత్తునాగముల మిశ్రమమును తొడుగుకొని ఈ చిక్కు తప్పించుకొన్నవి. తక్కినవి రంగులను ఆశ్రయించినవి. మొదట తుప్పు నివారించు పూత, దానిపై రాగి సమ్మేళనము గల విషపు పూత. పూత పనిచేయవలెనన్నచో చదరపు సెంటీమీటరుకు రోజుకు సుమారు 10 మైక్రోగ్రాముల రాగి కరగవలెనని 1952లో అమెరికాలోని వుడ్స్‌హోల్ శాస్త్రజ్ఞుల గ్రంథము లెక్కగట్టినది. ఆ దశాబ్దములోనే విశాఖపట్టణపు రేవులో ఏ ప్రాణులు ఎప్పుడు అంటుకొనునో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పి. ఎన్. గణపతి, ఆయన సహచరులు పరిశీలించినారు.

పై అంకెతో ఒక లెక్క చేయవచ్చును. అడుగు 20 చదరపు మీటర్లు గల చిన్న తెరచాప పడవ నుండి రోజుకు 2 గ్రాములు, ఏడాదికి 730 గ్రాముల రాగి నీటిలో కలుస్తుంది. వేయి పడవలు కట్టిన విహార రేవులో అది ఏటా 730 కిలోలు!

1970 తరువాత రాగికంటె ఘాటైన ట్రైబ్యుటైల్ తగరము వాడుకలోనికి వచ్చినది. పూత పలుచగా అరుగుచు ఎప్పటికప్పుడు కొత్త ముఖము చూపుటచే ఓడలవారు సంతోషించినారు. కాని ఫ్రాన్సులోని ఆర్కషోన్ అఖాతములో ఆల్చిప్పలు పెంచువారి బ్రతుకు తలక్రిందులైనది. పిల్ల ఆల్చిప్పలు నిలువలేదు. పెద్దవాని చిప్పలు వికారముగా దళసరి ఎక్కినవి. ప్రక్కనే వందలకొలది విహార పడవలు కట్టియున్నవి. 1982లో ఫ్రాన్సు 25 మీటర్లలోపు పడవలకు ఆ రంగును నిషేధించినది. ఇంగ్లండు తీరమున ఒక జాతి ఆడ నత్తలకు మగ అవయవములు మొలుచుచున్నవని, లీటరు నీటిలో గ్రాములో నూరుకోట్లవ వంతు చాలునని తేలినది. అంతర్జాతీయ నిషేధ ఒప్పందము 2001లో కుదిరి 2008 సెప్టెంబరులో అమలులోనికి వచ్చినది.

ఆ తరువాత తెరచాప పడవ యజమాని చాల వరకు రాగి రంగులకే మరలినాడు. ఎన్నికలో అతడు చూడవలసినవి కొన్ని గలవు. ఏడాది పొడుగునా నీటిలో నిలుచు పడవకు మెల్లగా అరిగే మెత్తని పూత నప్పుతుంది. పందెముల కొరకు తరచు రుద్ది కడుగు పడవకు గట్టి పూత కావలెను. అల్యూమినియం పడవకు రాగి రంగు పూసినచో ‘అలార్మ్’ చీలల కథ మరల మొదలగును. శాన్‌డియాగోలోని షెల్టర్ ఐలండ్ రేవులో రాగి మోతాదు మించుటచే 2005లో దానిని తగ్గించుటకు నిబంధన తెచ్చినారు. విషము లేని సిలికోన్ పూతలు కూడ వచ్చినవి. వానిపై ప్రాణులు అంటుకొనును గాని పట్టు చిక్కదు. పడవ వేగముగా సాగినప్పుడు నీటి తాకిడికే జారిపోవును. అయితే తెరచాప పడవలలో చాల భాగము ఆరు దినములు రేవులో కట్టియుండి, ఏడవ దినమున మాత్రమే కదలుచున్నవి.