స్థానంవారి గాత్రము: ప్లేటునకు జిక్కినది, జిక్కనిది



కవి పోయినను గ్రంథము నిలుచును. శిల్పి పోయినను శిల నిలుచును. నటుని విద్య మాత్రము తెర వ్రాలినతోడనే మాయమగును. దానిని కొంతవరకైనను నిలుపగల సాధనము ధ్వనిముద్రణము. అది దేనిని పట్టును, దేనిని విడుచును అను విషయమును మనసీమవాడైన స్థానం నరసింహారావుగారి చరిత్రమునుబట్టి విచారింతము.

వారు 1902లో బాపట్లలో జన్మించిరి. హరిశ్చంద్ర నాటకమున చంద్రమతిగా రంగమెక్కి, పిదప తెనాలి రామవిలాససభలో జేరి ప్రఖ్యాతి గాంచిరి. ఆకాలమున స్త్రీపాత్రములను పురుషులు ధరించుట పరిపాటి. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణతులాభారమున సత్యభామ పాత్రమునకై వారు స్వయముగా రచించుకొన్న పాట ‘మీరజాలగలడా’. ఒక్క పల్లవినే గర్వముతో నొకమారు, అనురాగముతో నొకమారు, శంకతో నొకమారు పలుకుట వారి విద్య. సభ ‘వన్స్ మోర్’ అన్నకొలదియు పాట పెరిగెడిది.

గ్రామఫోను ప్లేటున కొక ప్రక్క సుమారు 3 నిమిషములే వ్యవధి. అంతలో రాగము పట్టును, మాట పట్టును; సభ పట్టదు. పెరుగవలసిన పాట కుదించుకొనక తప్పదు.

ఈ చిక్కు మనకే గాదు. అమెరికాలో జాజ్ సంగీత విద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్ 1956లో, తన 57వ యేట, న్యూపోర్టు ఉత్సవమున వాయించెను. ఆయన బృందములోని పాల్ గొన్సాల్వెస్ ఒకే వరుసను 27 ఆవృత్తులు వాయింపగా జనులు లేచి యాడిరి. వెలువడిన ప్లేటులో మాత్రము కొంతభాగము పిదప స్టూడియోలో వాయించి, చప్పట్లు చేర్చినదే. నాటి కచేరీ యథాతథముగా 1999లోగాని లోకమునకు వినబడలేదు. చప్పట్లను అతికింపవచ్చును, ఆ చప్పట్లు విద్వాంసుని చేతిలో రగిల్చిన ఉత్సాహమును అతికింపజాలము.

అదే 1956లో స్థానంవారికి పద్మశ్రీ బిరుదము లభించెను. ఉత్తరవయస్సున వారు హైదరాబాదు ఆకాశవాణిలో నాటకశాఖయందు పనిచేసిరి. చీరకట్టు, నడక, చూపు వారి నటనలో సగము. రేడియోలో అవి కనబడవు. సమస్తాభినయమును గొంతే మోయవలెను. ప్రాయము చెల్లిన గొంతునకు బలము తగ్గవచ్చును గాని, ఎచ్చట నిలుపవలెనో, ఎచ్చట విడువవలెనో తెలియుట వయస్సుతోనే వచ్చునని నా తలంపు.

వారు 1971లో పరమపదించిరి. అంతకు ముందే, 1966లో వెలువడిన శ్రీకృష్ణతులాభారము చలనచిత్రమున సుశీలగారు అదే పాటను పాడగా, జమునగారు సత్యభామగా నభినయించిరి. స్త్రీ వేషమునకై పురుషుడు కట్టిన పాట స్త్రీ గళమునకే చేరినది.

నేను వారిని రంగమున జూచినవాడను గాను. ముద్రితమైన గొంతువలననే యెరుగుదును. తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెలయందు ఎనుబది యేండ్లు దాటినవారిలో, బాల్యమున తండ్రి భుజముపై నుండి పాతనటులను జూచినవారు కొందరైన నుండవచ్చును. ప్లేటునకు జిక్కని భాగము వారి జ్ఞాపకమందే యున్నది. మనుమల చేతి సెల్ ఫోనులోనైనను వారి మాటలను ముద్రించి యుంచుడు. ఆలస్యమైనచో ఆ సభ రెండవమారు ముగియును.