మహమ్మారి కాలంలో పురుషుల లైంగిక, మానసిక ఆరోగ్యం: చరిత్ర రచనకు ఆధారాల సమస్య

ఘంటసాల ప్రాచీన చరిత్రకు స్తూప శిథిలాలు, బ్రాహ్మీ లిపిలోని ప్రాకృత శాసనాలు ఆధారాలు. 2020లో కృష్ణా డెల్టాతో సహా దేశమంతటా వ్యాపించిన కొవిడ్ పురుషుల దేహంపై, మనసుపై వేసిన ముద్రకు అటువంటి స్థిరమైన ఆధారం లేదు. మరణాలు లెక్కల్లోకి చేరాయి. దాంపత్యంలోని భయాలు చేరలేదు. ఈ మౌనానికి తెలుగు భాషావ్యవహారంలో ఉన్న మూలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముందుగా లెక్కలను చూద్దాం. జాతీయ నేర గణాంక సంస్థ ప్రకారం దేశంలో ఆత్మహత్యలు 2020లో 1,53,052, 2021లో 1,64,033. 2021 మృతులలో పురుషులు 1,18,979 మంది. మొత్తం మృతులలో రోజుకూలీలు 42,004 మంది. మృతులలో పురుషులే అధికంగా ఉండడం కొవిడ్‌కు ముందునుంచీ ఉన్నదే. కనుక ఈ సంఖ్యలను వైరస్‌కు మాత్రమే ఆపాదించలేము. లైంగిక ఆరోగ్యం విషయంలో ఆధారాలు మరింత పరిమితం. 2021లో ప్రచురితమైన ఇటలీ పరిశోధకుల అధ్యయనంలో అంగస్తంభన సమస్య కొవిడ్ సోకిన 25 మందిలో 28 శాతానికి, సోకని 75 మందిలో 9.33 శాతానికి కనిపించింది. ఇంత చిన్న నమూనా పరిశోధనకు దారి చూపగలదే గాని తుది నిర్ణయానికి చాలదు.

లెక్కలకు అందని భయం వదంతిలో బయటపడింది. టీకా వల్ల నపుంసకత్వం వస్తుందన్న ప్రచారాన్ని 2021 జనవరిలో భారత ఔషధ నియంత్రణ జనరల్ వి.జి. సోమానీ బహిరంగంగా ఖండించవలసి వచ్చింది. తెలుగులో ‘మగతనం’ అన్న మాట పౌరుషాన్నీ, లైంగిక సామర్థ్యాన్నీ కలిపి చెబుతుంది. ‘మగవాడివై ఉండి ఏడుస్తావా’ అన్న మందలింపు దుఃఖాన్ని కూడా ఆ కొలతకే లోబరుస్తుంది. పని పోయినవాడు, పడకపై విఫలమైనవాడు ఒకే మాటతో అవమానం పొందే చోట బాధ చెప్పుకోవడమే మరో ఓటమిగా తోస్తుంది.

ఈ మౌనాన్ని కొంతవరకు ఛేదించిన రచనారూపం మన పత్రికలలోనే ఉంది. విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం ‘స్వాతి’ వారపత్రికలో నిర్వహించిన ప్రశ్నోత్తర శీర్షిక లైంగిక సందేహాలకు తెలుగులో మర్యాదైన భాషను అందించింది. ముఖాముఖి అడగలేని ప్రశ్నకు అక్షరం చాటునిచ్చింది. సాహిత్య పరిశోధకులు ఇటువంటి శీర్షికలను కాలక్షేప రచనలుగా పక్కన పెట్టకుండా సామాజిక చరిత్రకు ఆధారాలుగా చదవాలి.

2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ, 14416 సంఖ్య ద్వారా, మనోవేదనను ఫోనులో చెప్పుకొనే వీలు కల్పించింది. ఆ వేదనను తెలుగు పురుషుడు ఏ మాటల్లో చెప్పుకుంటున్నాడు, ఏ మాట దగ్గర ఆగిపోతున్నాడు అన్నది భాషాపరిశోధకులు చేపట్టవలసిన పని. పేర్లు గోప్యంగా ఉంచి, వారి అంగీకారంతో, డెల్టా గ్రామాలలో మౌఖిక కథనాలను ఇప్పుడే సేకరించాలి. జ్ఞాపకాలు చెదిరిపోతే భావి చరిత్రకారునికి మరణాల పట్టికలే మిగులుతాయి.